కుప్పమ్మ అడిగిన చిక్కటి ఆయిల్

మా కొట్లోకి ఆడవాళ్ళు రారు. ముప్పై ఆరేళ్ళుగా రేణిగుంట రోడ్డులో ఇంజన్ ఆయిల్ అమ్ముతున్నాను. ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది వచ్చి ఉంటారు, వాళ్ళలో సగం మంది దారి అడగడానికి వచ్చినవాళ్ళే. అందుకే కిందటేడు ఆయుధపూజకి వారం ముందు, మిట్టమధ్యాహ్నం, ఎండకి కొంగు నెత్తిమీద వేసుకున్న ఒకామె లోపలికొచ్చి సంచిలోంచి ఖాళీ ఆయిల్ డబ్బా తీసి నా ముందు పెడితే, పొరపాటున వచ్చిందేమో అనుకున్నాను.

డబ్బా మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. ఆ బొట్టు చూశాక మనిషిని గుర్తుపట్టాను. పూజ రోజు బండికి బొట్టు పెట్టేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆయిల్ డబ్బాకి బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడు మూత తీసేవాడు నాకు తెలిసి ఒక్కడే, తిరుచానూరు ఆదికేశవులు. అతను పోయి అప్పటికి ఏడాదిన్నర. ఈమె అతని భార్య కుప్పమ్మ.

"దొరస్వామన్నా, ఇదే ఆయిల్ కావల్ల," అంది. "అచ్చం ఇదే. వేరేది ఇచ్చినావంటే తెచ్చి నీ కొట్లోనే పోస్తా."

డబ్బా తిప్పి చూశాను. ట్వంటీ ఫిఫ్టీ. లారీలకీ, పాత జీపులకీ పోసే చిక్కటి ఆయిల్. నేను అమ్మిందే. పన్నెండేళ్ళ పాటు ప్రతి ఆయుధపూజకీ ఆదికేశవులికి నేను అమ్మిందే.

కుప్పమ్మ గురించి చెప్పాలంటే నగరి నుంచి మొదలుపెట్టాలి. అక్కడ మరమగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. నగరిలో మగ్గాల చప్పుడు ఎట్లా ఉంటుందో అక్కడ ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది. కొత్తవాళ్ళకి నిద్ర పట్టదు. అక్కడి పిల్లలకి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. కరెంటు పోతే వీధి వీధంతా ఒక్కసారిగా లేచి కూచునేదని కుప్పమ్మ నవ్వుతూ చెప్పింది. పంతొమ్మిదేళ్ళకి పెళ్ళయి తిరుచానూరు వచ్చాక ఆమెకి మొదట్లో నిద్రే పట్టలేదట, చుట్టూ అంత నిశ్శబ్దం.

మొగుడా, ఇంట్లో ఉంటే గదా. ఆదికేశవులు అప్పుడు లారీ డ్రైవరు. చిత్తూరు బెల్లం ఎత్తుకుని పోతే పది రోజులు, మామిడికాయ సీజనులో పోతే ఇరవై రోజులు. ఎప్పుడొస్తాడో, యాడున్నాడో తెలీదు. ఫోన్లు లేని కాలం. ఆమె పూలు కట్టడం అప్పుడే నేర్చుకుంది, చేతులు ఊరికే ఉంటే మనసు లారీ వెనకాల పోతుందని. అమ్మవారి గుడి వీధుల్లో ఆమె కట్టిన మాలలకి పేరొచ్చింది. మల్లెలూ మరువమూ కలిపి అరటినారతో అంత దగ్గరగా కట్టేవాళ్ళు తక్కువ. లాడ్జీలవాళ్ళు కూడా రోజూ ఆమె దగ్గరే కొనేట్టు వాడిక పెట్టుకున్నారు.

రెండువేల పదకొండులో ఆదికేశవులు లారీ మానేసి ఏడు సీట్ల పెట్రోలు వ్యాను కొన్నాడు. కూతురు తేజస్విని అప్పటికి పదకొండేళ్ళ పిల్ల. పొద్దున ఐదింటికి తిరుపతి పూల మార్కెట్టుకి పోయి పూలబుట్టలు ఎత్తుకొస్తాడు, ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటాడు. ఆదివారాలు అదే వ్యానులో ముగ్గురూ కాణిపాకమో, నగరి పుట్టింటికో పోతారు. ఎనిమిదింటికి ఇంట్లో ఉండే మొగుడు కుప్పమ్మకి ఎంత పెద్ద విషయమో నాకు ఆ రోజు దాకా అర్థం కాలేదు. నేనేమో రోజూ ఎనిమిదింటికి ఇంట్లోంచి బయటపడితే చాలనుకునే రకం.

సరే, కొట్లోకి వద్దాం. "వ్యాను బాగానే తిరగతా ఉండాది గదమ్మా? మొన్న జూన్‌లో మెకానిక్ మునస్వామి దగ్గిర అంతా చూపించినారని విన్నానే. ఇప్పుడు ఈ ఆయిల్ ఎందుకు?" అన్నాను.

"బాగానే తిరగతా ఉండాది. సప్పుడే లేదు."

"సప్పుడు లేకుంటే మంచిదే గదా!"

"ఎవరికి మంచిది?" అంది.

తర్వాత స్టూలు లాక్కుని కూచుని చెప్పింది. వ్యాను కొన్న కొన్నాళ్ళకే, పొద్దున స్టార్టు చేయగానే ఇంజన్లోంచి గరగరమని ఒక చప్పుడు వచ్చేదట. గొలుసు పట్టుకుని సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు. పది లెక్కపెట్టేదాకా ఉండి, ఆ తర్వాత అణిగి, ఇంజన్ మెత్తగా తిరిగేది. ఆ గరగరకి కుప్పమ్మకి మెలకువ వచ్చేది. లేచి, కొంగు సర్దుకుని, వాకిలి దగ్గరికి వచ్చేసరికి చప్పుడు అణిగేది. అప్పుడు ఆదికేశవులు కిటికీలోంచి తల బయట పెట్టి "మేయ్, తలుపేసుకో" అనేవాడు. ఆమె గడియ పెట్టుకుని పొయ్యి వెలిగించేది. రోజూ అంతే. పండగయినా, జ్వరమయినా, ముందురోజు ఇద్దరూ పోట్లాడుకుని మాటలు లేకపోయినా, ఆ ఒక్క మాట ఉండేది.

"పోట్లాడుకున్న రోజు ఇంకొంచెం గట్టిగా అనేవాడు," అంది కుప్పమ్మ.

రెండువేల ఇరవై మూడు మే నెలలో, ఆదివారం మధ్యాహ్నం, మజ్జిగ తాగుతూ కుర్చీలోనే వాలిపోయాడు ఆదికేశవులు. యాభై నాలుగేళ్ళు. ఆ తర్వాత ఏడాది పైన వ్యాను వేపచెట్టు కింద అట్లాగే నిలబడిపోయింది. పూలు ఆటోలో తెప్పించుకునేది కుప్పమ్మ. ఆటోవాడు ఒకరోజు వస్తే ఒకరోజు రాడు. వచ్చినా మల్లెలు నలిగిపోయి వచ్చేవి. లాడ్జీలవాళ్ళు ఒక్కొక్కరే వాడిక మానుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు తేజస్విని డ్రైవింగు నేర్చుకుంది. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తుంది ఆ అమ్మాయి. తెల్లారి పూలు తెచ్చి ఇచ్చి, తర్వాత షిఫ్టుకి పోవచ్చని వ్యానుని మునస్వామి షెడ్డుకి తోయించుకుని పోయి బాగు చేయించింది. ఆయిల్ కూడా మార్పించింది.

"మొదటి రోజు పాప వ్యాను తీసింది," అంది కుప్పమ్మ. "మార్కెట్టుకి పోయింది, బుట్టలు ఎత్తుకుని తిరిగొచ్చింది. నేను లేవనే లేదన్నా. పాపే వచ్చి నన్ను లేపింది. సిగ్గుతో సచ్చిపోయినా. మర్నాడు ముందే లేచి మంచం మీద కూచున్నా. తాళం తిప్పింది. చీమ చిటుక్కుమన్నంత సప్పుడు లేకుండా పోయింది. మునస్వామిని అడిగినా, ఇంజన్ మార్చేసినావా ఏమి అని. ఆయన నవ్వి, అది ఆయిల్ మహిమ అక్కా అన్నాడు. అందుకే వచ్చినా. పాత ఆయిల్ పోస్తే పాత సప్పుడు వస్తాది గదా?"

వస్తుంది. అది నాకు తెలుసు. ఎందుకు వస్తుందో కూడా తెలుసు.

"స్టాకు లేదమ్మా," అన్నాను.

ఆమె నా భుజం మీదుగా వెనక అరలోకి చూసింది. అక్కడ అవే డబ్బాలు వరసగా ఉన్నాయి. "అవి ఏంది?"

"అవి... లారీ వాళ్ళకి చెప్పి పెట్టినాను. రేపు రా."

అరవై మూడేళ్ళవాణ్ణి. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాలేదు. కుప్పమ్మ డబ్బా సంచిలో పెట్టుకుని, "రేపు గాదు, పూజ ముందురోజు వస్తా. అప్పటికి పెట్టు," అని వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను ఆయిల్ గురించి కొంచెం చెప్పాలి. విసుక్కోవద్దు. ఈ మధ్య అందరూ ఫోన్లో వీడియోలు చూసి వచ్చి నాకే పాఠం చెబుతున్నారు, ఒక్కసారి నన్నూ చెప్పనివ్వండి. డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ముందరి అంకె, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. చిన్నదైతే చకచకా పారుతుంది. వెనక అంకె, వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు ధారగా పడుతుంది, దించి చల్లారిస్తే గరిటెని వదలదు. ఆయిలూ అంతే. ఆ వ్యాను ఇంజన్‌కి లోపల ఒక చైను ఉంటుంది. దాన్ని బిగించి పట్టేది ఆయిలే. స్టార్టు చేయగానే ఆయిల్ పైకి పోయి చైనుని బిగించాలి. ఆ వ్యాను తయారుచేసినవాళ్ళు ఫైవ్ థర్టీ అనే పలచటి ఆయిల్ పోయమన్నారు, కన్ను మూసి తెరిచేలోగా పైకి పోతుందని. దాంట్లో చిక్కటి ఆయిల్ పోస్తే అది నింపాదిగా, సంతకి పోయే ఎద్దు లాగా, దాని ఇష్టమొచ్చినప్పుడు పోతుంది. అప్పటిదాకా చైను వదులుగా కొట్టుకుంటుంది. కుప్పమ్మ విన్న గరగర అదే. చైను అరిగిపోయే చప్పుడు.

మరి ఆదికేశవులికి ఆ చిక్కటి ఆయిల్ పోయమని ఎవరు చెప్పారు?

వ్యాను కొన్న ఏడు, మొదటి ఆయుధపూజకి, అతను వ్యానుతో ఇచ్చిన పుస్తకం పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. "అన్నా, ఇంగ్లీషులో ఏందో రాసుండారు, ఏ ఆయిలో కొంచెం సదివి చెప్పు," అన్నాడు. కొట్లో నలుగురు లారీవాళ్ళు కూచుని ఉన్నారు. నేను ఆ పుస్తకం తెరవను కూడా తెరవలేదు. వేలితో అతని వైపు నెట్టేసి, "పుస్తకం రాసినోడు మన తిరుపతి ఎండలో నిలబడినాడా అప్పా? పలచటిది పోస్తే ఈ ఎండకి నీళ్ళయిపోతాది. లారీ తోలినోడివి, నీకు నేను చెప్పల్లా?" అన్నాను. లారీవాళ్ళు పకపకా నవ్వారు. ఆదికేశవులూ నవ్వి, పుస్తకం చంకలో పెట్టుకుని, చిక్కటి డబ్బా తీసుకుపోయాడు. ఏడాదికొకసారి, కిలోమీటర్లతో పని లేకుండా, పూజరోజు పొద్దున బొట్టు పెట్టి అదే పోశాడు. నాలుగేళ్ళకో ఐదేళ్ళకో నాకు తెలిసొచ్చింది, ఈ కొత్త ఇంజన్లకి ఆ లెక్క వేరని. చెప్పాలనుకున్నాను. ప్రతి ఏడూ అనుకున్నాను. అతను డబ్బా కోసం చెయ్యి చాపితే, నా మాట నేనే వెనక్కి తీసుకోవడానికి మనసొప్పక ఇచ్చేశాను. నాకు సిగ్గుగా ఉంది. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు సాయంత్రం తేజస్విని వచ్చింది, ఫ్యాక్టరీ యూనిఫారంలోనే.

"మామా, మా అమ్మ వస్తే ఆ పాత ఆయిల్ ఇవ్వద్దు," అంది. "మునస్వామన్న చైను సూపించినాడు. ఇప్పటికే సాగిపోయుండాది. పలచటి ఆయిల్ మీద అయితే ఇంకా చాన్నాళ్ళు వస్తాదంట. పాతదే పోస్తా పోతే ఒకటి రెండేళ్ళలో ఇంజన్ పోతాదంట. ఇంకో వ్యాను మేము కొనలేము మామా. ఆటోతో పూలయాపారం జరగదు. అమ్మకి చెప్తే, మీ నాయన పన్నెండేండ్లు పోసినాడు, ఏమీ కాలేదు గదా అంటాది. నాయన తప్పు పోసినాడని నేను ఎట్లా చెప్పేది?"

"మీ నాయన తప్పు కాదులేమ్మా," అన్నాను. అంతకన్నా ఆ పిల్లకి చెప్పలేకపోయాను. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

పూజకి మూడు రోజుల ముందు కొట్టు మూసి తిరుచానూరు పోయాను. కుప్పమ్మ అరుగు మీద కూచుని చామంతులు కడుతోంది. కూచోమంది. కూచోలేదు. నిలబడే అంతా చెప్పేశాను. పుస్తకం నెట్టేసింది, లారీవాళ్ళు నవ్వింది, తెలిసీ చెప్పకుండా ఏళ్ళకేళ్ళు అమ్మింది, ఒక్కటీ దాచలేదు. ఆమె తలెత్తలేదు. నార ముడి వేస్తూనే ఉంది. మూర పొడుగు కట్టేసింది.

"అంటే," అంది చివరికి, "ఆ సప్పుడు ఇంజన్‌ది కాదు, ఆయనదీ కాదు. ఇన్నేండ్లు పొద్దున్నే నన్ను లేపింది నువ్వన్నమాట!"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, పూలచేత్తో తుడుచుకోబట్టి చామంతి రేకు ఒకటి చెంపకి అంటుకుంది. నేను ఎటో చూశాను.

"తప్పు నాది. ఏమన్నా అను," అన్నాను.

"ఏమనేది? ఇంజన్ అరిగిందో లేదో నాకు తెలీదు. నా పన్నెండేండ్లు బాగా జరిగిపోయినాయి." గొంతు తగ్గించి అంది. "లారీ మీద పోయినప్పుడు ఎప్పుడు పోతాడో తెలీదు, ఎప్పుడొస్తాడో తెలీదు. వ్యాను వచ్చినాకే పొయ్యేది ఇనపడేది. పొయ్యేది ఇనపడితే వచ్చేది తెలిసినట్టే. అందుకే నాకు ఆ సప్పుడంటే ఆశ. ఒంటికి మంచిది కాదని తెలిసినా కొంతమంది వక్కాకు మానుకోరే, అట్లా అనుకో. ఆయన గొంతు ఫోన్లో యాడా లేదన్నా. ఆ మనిషికి ఫోటోలు తీసేది గూడా రాదు. ఇంగ నాకు ఏం మిగిలుండాది చెప్పు?"

ఆయిల్ అమ్మేవాణ్ణి, నా దగ్గర ఆయిల్ తప్ప ఏముంటుంది? అప్పుడే తట్టింది.

"ఒక్క పొద్దుకి పాత ఆయిలే పోద్దాం," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది.

"పూజ ముందురోజు సాయంత్రం మునస్వామి చేత పాత ఆయిల్ పోయిస్తా. తెల్లారి పాప స్టార్టు చేస్తాది. నువ్వు మంచం మీదే ఉండు. ఒక్కసారికి చైనుకి ఏమీ కాదు, నాది పూచీ. మార్కెట్టుకి పోయొచ్చినాక, అదే పొద్దున అంతా తీసేసి పలచటిది పోద్దాం. దానికి నువ్వే బొట్టు పెట్టు. ఆ మీదట ఇంగ నన్ను పాత డబ్బా అడగొద్దు."

"వస్తాదా అన్నా, అదే సప్పుడు?"

"రాకపోతే నా కొట్టుకి నువ్వే తాళం వెయ్యి," అన్నాను గొప్పగా. ఇంటికి పోతూ దారిపొడుగునా భయపడ్డాను. ఇంజన్ ఏమన్నా నా మాట వింటుందా?

మునస్వామికి సంగతి చెబితే నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "దొరస్వామన్నా, మంచి ఆయిల్ తీసి చెడ్డ ఆయిల్ పోసి, మర్నాడు చెడ్డది తీసి మంచిది పొయ్యాల్నా? ఎవురికైనా చెప్పినావంటే ఇద్దర్నీ పిచ్చాస్పత్రిలో యేస్తారు," అన్నాడు. అన్నాడే గానీ ఆ సాయంత్రం తన చేత్తోనే పోశాడు, కూలీ అడగలేదు. తేజస్విని మాత్రం చేతులు కట్టుకుని పక్కన నిలబడి, లోపలికి పోయే ప్రతి చుక్కనీ చూసింది. వాళ్ళమ్మ ఎందుకు అడుగుతోందో అప్పటికి ఆ పిల్లకి చెప్పేశాను. "నాకూ ఇనపడేది మామా, పక్కలోంచి," అంది అంతే.

పూజ రోజు పొద్దున నన్ను ఎవరూ పిలవలేదు. అయినా నాలుగున్నరకే స్కూటరు తీసి తిరుచానూరు పోయాను. ఏదన్నా తేడా వస్తే చూడ్డానికని నాకు నేను చెప్పుకున్నాను గానీ అది నిజం కాదు. నేను చేసిన తప్పు ఎట్లా వినపడేదో, పన్నెండేళ్ళు అమ్మినవాణ్ణి, ఒక్కసారి కూడా వినలేదు. వాళ్ళ వీధి మొదట్లోనే స్కూటరు ఆపి, ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాను. ఎవరో అప్పటికే వాకిట్లో నీళ్ళు చల్లుతున్నారు. వేపచెట్టు కింద వ్యాను ఉంది. ముందు అద్దానికి చామంతి దండ ఉంది, చక్రాల కింద నిమ్మకాయలు ఇంకా పెట్టలేదు.

తేజస్విని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా నడిచి వ్యానెక్కింది. ఐదింటికి తాళం తిప్పింది.

గరగరగర. గొలుసు గచ్చు మీద ఈడ్చినట్టే. కుప్పమ్మ చెప్పింది చెప్పినట్టు. నాకు తెలీకుండానే వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు దగ్గర ఇంట్లో లైటు వెలిగింది. ఆరు దగ్గర తలుపు తెరుచుకుంది. కుప్పమ్మ వచ్చింది, ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి కొంగు సర్దుకుంటూ. జుట్టు రేగి ఉంది. ఆ మనిషి ముఖం నేను అంతకుముందు ఎప్పుడూ అట్లా చూడలేదు. పెళ్ళి కొత్తలో పిల్ల మాదిరి ఉంది. తొమ్మిది. పది. చప్పుడు అణిగింది. ఇంజన్ మెత్తగా తిరుగుతోంది.

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

వ్యాను కిటికీ వైపే చూస్తోంది. తేజస్విని లోపల స్టీరింగు మీదికి తల దించుకుని కూచుంది, కదల్లేదు. ఆ మాట ఆ పిల్ల అంటే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను, అనకపోతేనే మేలని మరుక్షణం అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళు చల్లే ఆమె బిందె తీసుకుని లోపలికి పోయింది. ఇంకొకరెవరో రేడియో పెట్టారు. కుప్పమ్మ అట్లాగే నిలబడి ఉంది. నిలబడి, నిలబడి, తలుపు మీది చెయ్యి తీసేసి, గోడవారన ఉన్న నన్ను చూసింది.

"వచ్చినావా," అంది.

రోడ్డు దాటి దగ్గరికి పోయాను. "అదేనా అమ్మా?"

"అదే. అచ్చం అదే." గొంతు బాగానే ఉంది. "సప్పుడు వచ్చింది. దాని ఎనకాల రావాల్సింది రాలా."

నేను తల దించుకున్నాను.

"ఇప్పుడు తెలిసింది లే. నేను మేలుకునింది సప్పుడుకి కాదు. సప్పుడు అయినాక తలుపేసుకోమంటాడని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంగ నీ ఆయిల్ నువ్వు తీసుకో అన్నా. పాప వ్యానుకి ఏది మంచిదో అది పొయ్యి."

తేజస్విని గేరు వేయబోతుంటే కుప్పమ్మ "ఉండు పాపా," అని లోపలికి పోయింది. ఏదన్నా మరిచిపోయిందేమో అనుకున్నాం. లైటు ఆరింది. చెప్పులు వేసుకుని, రెండు ఖాళీ బుట్టలు చంకన పెట్టుకుని బయటికొచ్చింది. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ వ్యానెక్కలేదు. పన్నెండేళ్ళూ అది తలుపేసుకునే వేళ.

"నువ్వెందుకమ్మా?" అంది తేజస్విని.

"మల్లెలు నువ్వు సరిగ్గా ఏరవు. వానకి తడిసినవన్నీ నీకే అంటగడతా ఉండారు," అంది కుప్పమ్మ. బుట్టలు వెనక సీట్లో పెట్టింది. తర్వాత వెనక్కి వచ్చి తలుపు దగ్గరికి లాగి, బయటినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. ముందు సీట్లో కూచుంది.

ఆ పొద్దున్నే ఎనిమిదింటికి మునస్వామి షెడ్డులో ఆ ఆయిల్ దింపేశాం. కుప్పమ్మ కొత్త డబ్బాకి బొట్టు పెట్టి, మూత నాకిచ్చి తీయమంది. సంచిలోంచి ఆదికేశవులు దాచిపెట్టిన పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "ఈసారన్నా సదివి పొయ్యి," అంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తూ, ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా ఆమెకి తెలుగులో చదివి చెప్పాను.

దింపిన ఆయిల్ కుప్పమ్మ మొదట తెచ్చిన ఆ పాత బొట్టు డబ్బాలోనే పోసి మా కొట్లో పైఅర మీద పెట్టాను. ఒక్క పొద్దు తిరిగిన ఆయిల్, ఎవరికైనా అమ్మొచ్చు. అమ్మలేదు. కుప్పమ్మ ఇప్పుడు రోజూ కూతురితో మార్కెట్టుకి పోతుంది. వ్యాను చప్పుడు లేకుండా కదులుతుంది. ఇంటి తలుపుకి తాళం వేసే ఉంటుంది, ఎనిమిదింటికి వచ్చి వాళ్ళే తీసుకుంటారు.